గీతను గీతగానే ఉంచితే

ఏదైనా పరిశోధన వ్యాసం ప్రింటు తీసి, గ్రాఫు ఉన్న పేజీని కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి. చుట్టూ ఉన్న అక్షరాలు ఎంత చిన్నవైనా అంచులు నున్నగా ఉంటాయి. మధ్యలోని గ్రాఫు మాత్రం చాలాసార్లు తడి తగిలిన సిరాలా అలుక్కుపోయి కనిపిస్తుంది. అక్షం పక్కనున్న అంకె మూడో ఎనిమిదో తేలదు. కాగితం ఒకటే, ప్రింటర్ ఒకటే, సిరా ఒకటే. అక్షరానికి దక్కిన మర్యాద బొమ్మకు ఎందుకు దక్కలేదు?

ఆ రెండూ ఆ పేజీలోకి వచ్చిన దారులు వేరు. అక్షరాన్ని ఎలా గియ్యాలో చెప్పే సూచన కంప్యూటర్ దగ్గర ఉంది. గ్రాఫు విషయంలో అలాంటి సూచన ఏదీ మిగల్లేదు, ఎవరో గీసేసిన దాని నీడ ఒక్కటే మిగిలింది.

ఈ తేడా మన ఆడవాళ్లకు తరతరాలుగా తెలుసు. సంక్రాంతి ముందు పత్రికల్లో ముగ్గులు వేస్తారు కదా, ఒక్కో ముగ్గు కింద ఒక చిన్న వాక్యం ఉంటుంది: 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు. అంతే. ఆ నాలుగు మాటల్లో 169 చుక్కల స్థానాలు ఇమిడి ఉన్నాయి. వాకిలి విశాలంగా ఉంటే చుక్కల మధ్య ఎడం పెంచుతారు, అపార్ట్‌మెంటు గుమ్మం ముందు జానెడు జాగాయే ఉంటే తగ్గిస్తారు. ఎక్కడ వేసినా ముగ్గు అదే, గీత అంతే పదునుగా ఉంటుంది. ఎదురింటి ముగ్గును ఫోనులో ఫొటో తీసుకుని దాన్నే పెద్దది చేసుకుంటూ పోతే కొంతసేపటికి గీత పోయి పిండి మరకలు మిగులుతాయి. చుక్కల లెక్కను దాచుకునే బొమ్మను వెక్టర్ బొమ్మ అంటారు. ఫొటోలాగా రంగు గళ్లను దాచుకునే బొమ్మ రాస్టర్ బొమ్మ, ఆ ఒక్కొక్క గడీ ఒక పిక్సెల్.

శాస్త్రానికి ఈ తేడా అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఒక గ్రాఫు తీసుకుని లెక్క కట్టి చూద్దాం.

1958 మార్చిలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను వరుసగా కొలిపించడం మొదలుపెట్టారు. ఆ కొలతలు ఇప్పటికీ సాగుతున్నాయి. అప్పుడు గాలిలో 10 లక్షల అణువులకు 315 దగ్గర ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. కీలింగ్ వక్రరేఖగా పేరుపడిన ఆ గ్రాఫును చూస్తే ముందు కంటబడేది పైకి ఎగబాకే వాలు. జాగ్రత్తగా చూస్తే ఆ వాలు నిండా రంపం పళ్లున్నాయి. ఒక్కో పన్ను ఒక్కో ఏడాది. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగురించి పెరిగే నెలల్లో వాయువు తగ్గుతుంది, ఆకులు రాలి కుళ్లే నెలల్లో పెరుగుతుంది. అక్టోబరు నుంచి మే దాకా నిదానంగా ఎక్కడం, అక్కడి నుంచి సెప్టెంబరు చివరికల్లా గబగబా దిగడం. పన్ను రెండువైపులా సమానంగా ఉండదు. భూమ్మీది పచ్చదనం ఊపిరి పీల్చి వదిలే తీరు ఆ అసమానతలో ఉంది.

ఇప్పుడు ఆ గ్రాఫును 16 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో మన వ్యాసంలో పెట్టుకోవాలి. చాలామంది చేసే పని స్క్రీన్‌షాట్ తీసి అతికించడం. తెర లెక్కలో అంగుళానికి 96 పిక్సెళ్లు అనుకుంటే ఆ బొమ్మకు అడ్డంగా దక్కేవి 605 పిక్సెళ్లు. అరవై ఏళ్లు దాటిన కథను వాటిలో సర్దితే ఒక్కో ఏడాదికి తొమ్మిది పిక్సెళ్లు వస్తాయి. పన్ను ఉందని తెలుస్తుంది కానీ ఎక్కడం ఎన్ని నెలలో, దిగడం ఎన్ని నెలలో ఆ తొమ్మిది గళ్లలో ఎవరూ చదవలేరు. గీత మందం సంగతీ అంతే. అర పాయింటు మందం గీత 0.18 మిల్లీమీటర్లు, మన పిక్సెల్ వెడల్పు 0.26. పిక్సెల్ కంటే సన్నని గీతను చూపించలేక తెర దాన్ని బూడిదరంగు మచ్చగా మారుస్తుంది. ప్రింటులో మనకు కనిపించే అలుకుడు అదే.

పిక్సెళ్లు పెంచితే చాలదా? కొంతవరకు చాలుతుంది. అంగుళానికి 300 చొప్పున పెట్టుకుంటే 1890 అడ్డం, 1181 నిలువు, మొత్తం 22 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. ఒక్కోదానికి మూడు బైట్లు వేసుకుంటే, కుదించకముందు 67 లక్షల బైట్లు. దాన్నే వెక్టర్‌గా దాస్తే ఎంత? నెలకో కొలత చొప్పున సుమారు 800 బిందువులు, ఒక్కోదానికి రెండు సంఖ్యలు, అంటే పది పద్నాలుగు అక్షరాలు. మొత్తం 11 కిలోబైట్లు. ఈ అధ్యాయం పాఠం దాచడానికి పట్టే చోటు కన్నా తక్కువ. అందులో ప్రతి నెల కొలతా దాని చోట దాని విలువతో ఉంటుంది.

జేపెగ్ గురించి ఒక మాట. 1992లో ప్రమాణంగా వచ్చిన ఆ పద్ధతి ఫొటోల కోసం పుట్టింది. బొమ్మను ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని సన్నని మార్పులను వదిలేస్తుంది. ముఖం మీద, ఆకాశం మీద ఆ వదిలివేత తెలియదు. గ్రాఫులో ఉండేవన్నీ తెల్లని నేల మీద నల్లని గీతలు, అంటే నిట్టనిలువు మార్పులు. వాటి చుట్టూ మసక చుక్కలు ముసురుకుంటాయి. గ్రాఫును జేపెగ్‌గా దాచవద్దని నేను విద్యార్థులందరికీ చెబుతాను. వెక్టర్‌కు దారి లేకపోతే కనీసం పీఎన్‌జీ వాడాలి, అది ఏ పిక్సెల్‌నూ మార్చదు. ఇంకో చిక్కుంది. వర్డ్ చాలా వెర్షన్లలో ఫైలు సేవ్ చేసేటప్పుడు బొమ్మలను అంగుళానికి 220 పిక్సెళ్లకు దించేస్తుంది. మనం 600తో శ్రద్ధగా తయారుచేసినా అది నిశ్శబ్దంగా తగ్గిపోతుంది. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద, బొమ్మలను కుదించవద్దనే గడిలో ముందే టిక్కు పెట్టుకోవాలి.

సరళరేఖ సంగతి తేలిక. రెండు కొసల స్థానాలు రాసుకుంటే చాలు. వంపు తిరిగిన గీతను సంఖ్యల్లో ఎలా దాచాలి? ఈ ప్రశ్నకు జవాబు ఫ్రాన్సులో కార్ల కంపెనీల్లో దొరికింది. కారు ఒంటి వంపులను యంత్రాలకు తెలియజెప్పాల్సిన అవసరం వాళ్లది. 1959లో సిట్రోయెన్‌లో పనిచేసే పాల్ ద కాస్తెల్జో ఒక పద్ధతి కనిపెట్టారు. కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచింది. 1960లలో రెనో ఇంజనీర్ పియెర్ బెజియే తన దారిలో అలాంటి వక్రరేఖలకే చేరి, వాటిని ప్రచురించారు. అందుకే లోకం వాటిని బెజియే వక్రరేఖలు అంటోంది. ఆ వక్రరేఖ మీది బిందువును పట్టుకునే లెక్కకు ద కాస్తెల్జో పేరు దక్కింది. ఆ లెక్క ఎంత సులువంటే తొమ్మిదో తరగతి పిల్లలు గ్రాఫు కాగితం మీద చేసేస్తారు.

నాలుగు బిందువులు తీసుకోండి: (0, 0), (0, 8), (8, 8), (8, 0). మొదటిదీ చివరిదీ గీత కొసలు. మధ్యలోని రెండూ గీతను తమవైపు లాగే బిందువులు, గీత వాటిని తాకదు. పక్కపక్క బిందువుల మధ్యబిందువులు కనుక్కుంటే (0, 4), (4, 8), (8, 4) వస్తాయి. ఈ మూడింటి మధ్యబిందువులు (2, 6), (6, 6). ఆ రెండింటి మధ్యబిందువు (4, 6). వక్రరేఖ నడిమి బిందువు అదే. మధ్యలో కాకుండా మూడోవంతు దగ్గరో పదోవంతు దగ్గరో ఇదే పని చేస్తే మిగతా బిందువులు వస్తాయి. ఇప్పుడు మొదటి నాలుగింటినీ పదితో హెచ్చవేసి మళ్లీ చెయ్యండి. నడిమి బిందువు (40, 60) అవుతుంది. వంపులో వెంట్రుకవాసి తేడా లేదు. బొమ్మ ఎంత పెద్దదైనా చెదరకపోవడం వెనకున్న కిటుకు ఇంతే: పెద్దదయ్యేది నాలుగు బిందువులే, గీతను ప్రతిసారీ కొత్తగా లెక్కకట్టి గీస్తారు.

మీరు చదువుతున్న ఈ తెలుగు అక్షరాలు కూడా ఇలాంటి వంపులే. ఫాంటు ఫైలులో ‘అ’ అంటే కొన్ని పదుల బిందువుల జాబితా. పేజీలో అక్షరం నున్నగా ఉండటానికి, ఆరు పాయింట్లకైనా అరవై పాయింట్లకైనా ఒకే ఫాంటు సరిపోవడానికి కారణం అదే. అంటే ప్రతి వర్డ్ ఫైలూ వేల వెక్టర్ బొమ్మలను ఇప్పటికే మోస్తోంది. మనం అడుగుతున్నదల్లా గ్రాఫును కూడా ఆ పంక్తిలో కూర్చోబెట్టమని.

కాగితం మీద ఈ పని కుదిర్చినవాళ్లు జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ. 1982లో ఇద్దరూ కలిసి అడోబీ సంస్థను పెట్టారు. 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాష తెచ్చారు. అది పేజీని వర్ణించే భాష: పెన్ను ఇక్కడ పెట్టు, అక్కడిదాకా వంపు గియ్యి, లోపల నలుపు నింపు. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ఆ భాషను అర్థంచేసుకునే ప్రింటర్‌గా వచ్చింది. అంగుళానికి 300 చుక్కల చొప్పున అమెరికన్ లెటర్ సైజు పేజీలో 84 లక్షల చుక్కలు. నలుపా తెలుపా అన్న ఒక్క సంగతే దాచుకున్నా పది లక్షల బైట్లకు పైగా కావాలి. అందుకే ఆ ప్రింటర్‌లో ఒకటిన్నర మెగాబైట్ల మెమరీ పెట్టారు. అందులోని ప్రాసెసర్, దానికి తగిలించే మాకింటోష్ కంప్యూటర్‌లోని దానికన్నా వేగంగా నడిచేది. సూచనలను చుక్కలుగా మార్చే బరువంతా ప్రింటరే మోసింది కాబట్టి ఆ ఫైలు ఎక్కడికి వెళ్లినా, ఎంత మంచి ప్రింటర్ దొరికితే అంత మంచి గీత వచ్చేది.

పోస్ట్‌స్క్రిప్ట్ ముక్కను ఇంకో పేజీలో అతికించుకోవడానికి పుట్టిందే ఈపీఎస్. చాలా ఏళ్లు శాస్త్ర పత్రికలు గ్రాఫులను ఈపీఎస్‌లోనే అడిగేవి. వర్డ్ కూడా దాన్ని తీసుకునేది. అయితే పోస్ట్‌స్క్రిప్ట్ పూర్తిస్థాయి ప్రోగ్రామింగ్ భాష. బొమ్మ తెరవడమంటే ఎవరో రాసిన ప్రోగ్రామును మన కంప్యూటర్‌లో నడపడమే. దుర్మార్గులు ఆ సందులోంచి దూరారు. 2017 ఏప్రిల్ భద్రతా సవరణతో మైక్రోసాఫ్ట్ ఆ తలుపు మూసేసింది. పాత పాఠాల్లో వర్డ్‌లో ఈపీఎస్ పెట్టుకొమ్మని ఉంటే, ఆ సలహాకు కాలం చెల్లిందని గుర్తుంచుకోండి.

విండోస్‌కు తనదైన మెటాఫైల్ ఒకటుంది. మొదట 16 బిట్ల డబ్ల్యూఎంఎఫ్, ఆ తర్వాత 32 బిట్ల ఈఎంఎఫ్. వర్డ్ ఈఎంఎఫ్‌ను ఎప్పటినుంచో చక్కగా తీసుకుంటుంది. పాత ఆఫీస్ వాడేవాళ్లకు ఇప్పటికీ అదే ఆధారం. ఎక్సెల్ చార్టును కాపీ చేసి, వర్డ్‌లో పేస్ట్ స్పెషల్ తెరిచి ఎన్‌హాన్స్‌డ్ మెటాఫైల్ అని ఎంచుకుంటే వచ్చేది ఇదే. దాని స్థానాలన్నీ పూర్ణాంకాలు. చిన్న కొలతలో తయారుచేస్తే వంపులు మెట్లు మెట్లుగా వస్తాయి. పారదర్శకమైన రంగులతో కూడా ఇబ్బందే: ఒక పట్టీ కిందున్న గీత కనబడాల్సిన చోట పట్టీ దాన్ని కప్పేయవచ్చు.

ఇవాళ మనం నమ్ముకోవాల్సింది ఎస్‌వీజీ. 1998లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దీని పని మొదలుపెట్టి 2001 సెప్టెంబరులో మొదటి ప్రమాణం వెలువరించింది. ఇది మామూలు పాఠం, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవచ్చు. ‘ఎమ్’ అక్షరం ఉంటే చెయ్యి లేపి అక్కడికి వెళ్లమని, ‘ఎల్’ ఉంటే తిన్నగా గీత లాగమని, ‘సీ’ ఉంటే బెజియే వంపు తిప్పమని, ‘జెడ్’ ఉంటే మొదలుపెట్టిన చోట కలపమని. ముగ్గు వేసే చేతికి ఇంతకన్నా తెలిసిన భాష లేదు. గ్నూప్లాట్, ఆర్, మాట్‌ప్లాట్‌లిబ్ లాంటి ఉచిత సాధనాలన్నీ ఎస్‌వీజీ ఇస్తాయి. చేతితో దిద్దుకోవడానికి 2003 నుంచి ఇంక్‌స్కేప్ ఉంది, అదీ ఉచితమే. వర్డ్ కొత్త వెర్షన్లలో ఇన్సర్ట్ కింద పిక్చర్స్ నొక్కి ఎస్‌వీజీ ఫైలును నేరుగా ఎంచుకోవచ్చు. లిబ్రెఆఫీస్ రైటర్‌లో ఇన్సర్ట్ కింద ఇమేజ్. లక్షలు పోసి సాఫ్ట్‌వేర్ కొనలేని మన జిల్లా కాలేజీల్లో పరిశోధన చేసే పిల్లలకు ఇది నిజంగా పెద్ద వరం.

అయినా వెక్టర్ అయినంత మాత్రాన బొమ్మ చదవడానికి పనికొస్తుందని అనుకోకూడదు. అక్షరాల కొలత దగ్గర చాలామంది బోల్తా పడతారు. మాట్‌ప్లాట్‌లిబ్ తనంతట తాను ఇచ్చే బొమ్మ వెడల్పు 6.4 అంగుళాలు, అక్షరాలు 10 పాయింట్లు. దాన్ని రెండు కాలమ్‌ల పేజీలో ఒక కాలమ్‌కు, అంటే 8 సెంటీమీటర్లకు కుదిస్తే అక్షరాలు ఐదు పాయింట్ల లోపుకు పడిపోతాయి. గీత చెదరలేదు, కానీ భూతద్దం కావాలి. కాబట్టి బొమ్మ పేజీలో ఎంత వెడల్పున కూర్చోబోతోందో ముందు స్కేలుతో కొలుచుకుని, సరిగ్గా ఆ కొలతకే గీయించాలి. వర్డ్‌లో పెట్టాక మూలలు పట్టి లాగకూడదు. కొలతల విషయంలో వర్డ్ ఖచ్చితమైనది: లోపల అంగుళాన్ని 9,14,400 భాగాలుగా, సెంటీమీటరును 3,60,000 భాగాలుగా లెక్కపెడుతుంది. అంగుళమైనా సెంటీమీటరైనా శేషం లేకుండా పూర్ణాంకంగా రావాలని ఆ సంఖ్యను ఎంచుకున్నారు. మనం 16 సెంటీమీటర్లు అని ఇస్తే వర్డ్ 57,60,000 అని రాసుకుంటుంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడే అదనపు కష్టం ఎదురవుతుంది. మన కీలింగ్ గ్రాఫుకు అడ్డంగా ఉన్న అక్షం పేరు ‘సంవత్సరం’. యూనికోడ్‌లో అది అక్షరాల వరుస మాత్రమే: త, తర్వాత పొల్లు, తర్వాత స. ఆ మూడింటినీ కలిపి ‘త్స’గా కూర్చడం గీసే సాధనం పని. మాట్‌ప్లాట్‌లిబ్ చాలా కాలం ఆ పని చేయలేకపోయింది. దాంతో గ్రాఫు మీద ‘సంవత్‌సరం’, ‘ఉష్‌ణోగ్‌రత’ అని విరిగిపోయి పడేవి. పరిశోధన ఎంత నిక్కచ్చిగా ఉన్నా, అక్షం మీద భాష విరిగి ఉంటే చదివేవాళ్లకు మనసు ఒప్పదు. నాకు అసలే ఒప్పదు. గ్నూప్లాట్‌లో కైరో అనే లైబ్రరీ ఆధారంగా పనిచేసే పీడీఎఫ్ మార్గం, ఇంక్‌స్కేప్ మన గుణింతాలను, ఒత్తులను సరిగ్గా కూరుస్తాయి. అందుకని ఏ సాధనంతో గీసినా, పేర్లను మాత్రం ఇంక్‌స్కేప్‌లో తెలుగు యూనికోడ్ ఫాంటుతో రాసుకోవడం క్షేమం. యూనికోడ్ కాని అను ఫాంట్లతో టైపు చేసిన పేర్లు ఇక్కడ పనికిరావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి రోమన్ అక్షరాల కలగాపులగంగా మారిపోతాయి.

యూనికోడ్ ఫాంటుకూ గండం లేకపోలేదు. మన ఇంట్లో మండలి ఫాంటుతో ముచ్చటగా ఉన్న గ్రాఫు, పెన్ డ్రైవ్‌లో జిరాక్స్ షాపుకు వెళ్లేసరికి అక్కడ ఆ ఫాంటు లేక వేరే రూపంలోకి జారిపోతుంది, పేరు అక్షాన్ని దాటి బయటికి వస్తుంది. దీనికి విరుగుడుగా ఇంక్‌స్కేప్‌లో పేర్లను ఎంచుకుని పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కితే అక్షరాలు అక్షరాలుగా ఉండటం మాని వంపులుగా మారిపోతాయి. ఇక ఏ ఫాంటుతోనూ పని లేదు. పోయేది ఏమిటంటే ఆ పేరును మళ్లీ దిద్దలేం, వెతికితే దొరకదు, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ మాట ఉందనే తెలియదు. అందుకే మార్చని నకలు ఒకటి విడిగా దాచుకోవాలి, వర్డ్‌లో బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ రాయాలి. ‘గ్రాఫు’ అని రాస్తే ప్రయోజనం లేదు. 1958 నుంచి ఇప్పటిదాకా ఏం పెరిగిందో, ఏడాదిలో ఎలా ఊగుతోందో రెండు వాక్యాల్లో చెప్పాలి.

వెక్టర్ వద్దనుకోవాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. సూక్ష్మదర్శిని కింద తీసిన కణం ఫొటో పుట్టుకతోనే పిక్సెళ్లది, దానికి చుక్కల లెక్క లేదు. దాన్ని ఎస్‌వీజీలో చుట్టినా కొత్త వివరం పుట్టదు. ఫొటోను పూర్తి పిక్సెళ్లతో ఉంచి, పైన బాణం గుర్తులను, పేర్లను, కొలత గీతను మాత్రం వెక్టర్‌గా పెట్టుకోవాలి. ఐదు లక్షల బిందువులు చల్లిన గ్రాఫుది ఇంకో బాధ. ఒక్కో బిందువుకు ఒక్కో సూచన చొప్పున ఫైలు పదుల మెగాబైట్లకు పెరిగి, పేజీ తిప్పిన ప్రతిసారీ వర్డ్ ఆయాసపడుతుంది. బిందువుల పొరను ఒక్కదాన్నే రాస్టర్‌గా మార్చి, అక్షాలను, పేర్లను వెక్టర్‌గా ఉంచే వీలు మాట్‌ప్లాట్‌లిబ్‌లో ఉంది.

అంతా అయ్యాక ఫైలును పీడీఎఫ్‌గా మార్చి, 800 శాతానికి పెంచి రంపం పళ్లను చూడండి. అంచు నున్నగా ఉంటే వెక్టర్ చెక్కుచెదరకుండా చేరిందన్నమాట. మెట్లు కనిపిస్తే దారిలో ఎక్కడో ఎవరో దాన్ని ఫొటోగా మార్చేశారు. ముందు వర్డ్ ఫైలునే అనుమానించాలి.

వర్డ్ ఫైలు లోపలికి తొంగిచూడటం కష్టమేమీ కాదు. డాక్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. ఒక నకలు తీసుకుని, పేరు చివర జిప్ అని మార్చి విప్పండి. వర్డ్ అనే ఫోల్డరు, దానిలో మీడియా అనే ఫోల్డరు కనిపిస్తాయి. ఎస్‌వీజీ పెట్టి ఉంటే అక్కడ ఒకే బొమ్మ రెండు రూపాల్లో ఉంటుంది: ఒకటి ఎస్‌వీజీ, రెండోది ఎస్‌వీజీ తెలియని పాత వర్డ్‌ల కోసం తయారైన పీఎన్‌జీ. ఒక్క పీఎన్‌జీయే ఉంటే మెట్లు ఎక్కడివో తెలిసినట్టే. ఎస్‌వీజీ కూడా ఉంటే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి వక్రరేఖ వరుసను వెతకండి. ‘ఎమ్’ పక్కన రెండు సంఖ్యలుంటాయి. ఎస్‌వీజీలో నిలువు కొలత పైనుంచి కిందికి పెరుగుతుందని గుర్తుంచుకుని, వాటిని అక్షం మీది గుర్తులతో సరిపోల్చి వెనక్కి లెక్కకట్టండి. 1958 మార్చి, 315 పైచిలుకు అని వస్తుంది.